హాజరు పాట

పక్క కుర్చీలో చేతిసంచి పెట్టింది వనమాల, ఎవరూ కూర్చోకుండా. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టిన చేతులు, అలవాటు ఎక్కడికి పోతుంది. బస్సులో అయితే రుమాలుకు ఒక మర్యాద ఉండేది, చూసి పక్కకు తప్పుకునేవాళ్ళు. ఈ ఫంక్షన్ హాల్లో ప్రతి పట్టుచీరా వచ్చి "గిక్కడ ఎవరన్న ఉన్నరా?" అని అడుగుతోంది, తను "ఉన్నరు, వస్తున్నరు" అంటోంది. ఉన్నరు అన్నది అబద్ధం, వస్తున్నరు అన్నది అంతకన్నా పెద్దది. నుస్రత్ రానని పొద్దున ఫోన్లోనే చెప్పేసింది. "నీతోని మాట్లాడ్త, నీ ఇంటికొస్త, నువ్వు చేసిన పచ్చిపులుసు గూడ తాగుత. గా గ్రూపోళ్ళ నడుమ మాత్రం కూసోను, నక్కో." నుస్రత్ నక్కో అన్నదంటే దాని మీద ఇక ఏ కోర్టుకూ పోలేం, కాలేజీ రోజుల నుంచీ అంతే. అయినా సంచి కుర్చీలోనే ఉంది. సంచికి ఆ సంగతి తెలియదు కదా.

స్టేజీ మీద లింబాద్రి మాట్లాడుతున్నాడు. పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి కమిటీ అధ్యక్షుడు, ఎరువుల దుకాణం యజమాని, బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకు అడ్మిను, మూడు హోదాలూ కలిసి ఆ తెల్లచొక్కా గుండీల మీద బరువు వేస్తున్నాయి. ముందు వరుసలో హన్మండ్లు సారు, మూడేళ్ళు ఎకనామిక్స్ చెప్పి అందరినీ నిద్రపుచ్చిన మనిషి, ఇవాళ తన వంతు నిద్ర తను పోతున్నారు. పక్క సోఫాలో ముఖ్య అతిథి సాయిప్రసాద్, వీళ్ళ క్లాసువాడే, డిగ్రీ మధ్యలో ఆపి పటాలంలో చేరి సుబేదారుగా రిటైరై వచ్చాడు, బొజ్జ ఒక్కటే అదనంగా తెచ్చుకున్నాడు. లింబాద్రి తర్వాత ఇంకో ఇద్దరు మాట్లాడాలి, ఆ తర్వాత శ్రీమతి వనమాల గారిచే దేశభక్తి గీతం, ఆ తర్వాత భోజనాలు. జనం ఎదురు చూస్తున్నది ఆ ఆఖరి దానికోసమే, బగారా అన్నం వాసన హాలు వెనక నుంచి వచ్చి ఒక్కొక్కరి భుజం తట్టి పోతోంది. దేశభక్తి గీతం లింబాద్రి నిర్ణయం. పోయినవారం దుకాణానికి వెళ్ళి తను అడిగింది, మన హాజరు పాట పాడదాం, డ్రమ్ము నువ్వే కొట్టు, నుస్రత్‌ను నేను ఎట్లాగైనా ఒప్పిస్తానని. ఆయన యూరియా బస్తా మీద చెయ్యి ఆనించి, అటూ ఇటూ చూసి, "గిప్పుడు మాహోల్ బాగలేదు వనమాలా. గా పాటల అవతలోళ్ళ పేర్లుంటయి. ఎందుకొచ్చిన లొల్లి? మంచిగ ఒక దేశభక్తి పాట పాడు, చప్పట్లు నేను కొట్టిపిస్త" అన్నాడు. ఊళ్ళో గాలి, అదే ఆయన మాహోల్, ఎప్పుడు బాగుంటుందో దుకాణం బయట పలక మీద రాసిపెడితే బాగుండు. యూరియా వచ్చింది, డీఏపీ రేపొస్తుంది, మాహోల్ స్టాకు లేదు.

మైకు కీచుమంది. అందరూ చెవులు మూసుకున్నారు, వనమాలకు మాత్రం ఆ కీచు మేనమామ పిలిచినట్టు వినిపించింది. నుస్రత్ గిటారును మొదటిసారి పెళ్ళిళ్ళ మైక్‌సెట్టుకు తగిలించినప్పుడు ఇదే అరుపు, తమ పసుపు పాకలో కోళ్ళు గోడ దూకాయి. ఎర్ర గిటారు. నుస్రత్ వాళ్ళ అబ్బా షార్జా నుంచి సెలవు మీద వస్తూ, ఉద్యోగం మానేసి పోతున్న ఫిలిప్పీనో దోస్తు వదిలేసిన దాన్ని కంబళిలో చుట్టి పట్టుకొచ్చాడు, కంబళి అసలు సామాను, గిటారు కొసరు. వాళ్ళమ్మ దాన్ని బీరువా మీద నిలబెట్టి, టీవీ మీద పరిచే అల్లికగుడ్డ కప్పింది, చుట్టాలొస్తే గుడ్డ తీసి చూపించి మళ్ళీ కప్పేది. ఒక తంతి లేదు. ఆ లేని తంతి ఎక్కడుండాలో తెలియకుండానే నుస్రత్ మూడు స్వరగుచ్ఛాలు పట్టేసింది, దాంతోపాటే వచ్చిన క్యాసెట్టు అరిగేదాకా విని. ఆ క్యాసెట్టులో ఎవడో ఇంగ్లీషువాడు గొంతు చించుకునేవాడు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఏమంటున్నాడే అని తను అడిగితే నుస్రత్ కళ్ళు మూసుకుని విని చెప్పింది, "ఏదో అడుగుతుండు. మస్తు కోపంతోని అడుగుతుండు." ఎవర్ని? "పెద్దోళ్ళని. జవాబు చెప్పుతలేరు, అందుకే గట్టిగ అడుగుతుండు." రాక్ సంగీతం అంటే ఏమిటో తర్వాత టీవీలో ఎంతమంది ఎన్ని మాటలు చెప్పినా వనమాలకు ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. చప్పుడు లేకుండా చూరు జారే వానచుక్కలాంటి పాటలు రేడియోలో చాలా విన్నది తను, తలుపు బాదే పాట అదే మొదటిది.

పైన ఫ్యాను గడగడమంటోంది, బుష్‌లు పోయినట్టున్నాయి. గడ, గడ, గ్‌డ్‌గడ. నాన్న భూమయ్య పసుపు పాకలో పాలిష్ డ్రమ్ము. జల్లెడలా చిల్లులున్న పెద్ద ఇనుప పీపా, అటొక పిడి ఇటొక పిడి, లోపల ఉడికి ఎండిన పసుపుకొమ్ములు. పిడి తిప్పితే కొమ్ములు ఒకదాన్నొకటి రాసుకుని, గరుకు పొట్టంతా రాలిపోయి, బంగారు రంగు తేలి వచ్చేవి. వేసవి సెలవుల్లో కూలీలు అన్నానికి పోయినప్పుడు అటు తను, ఇటు నుస్రత్. తిప్పీ తిప్పీ బయటికొస్తే కనురెప్పల మీద కూడా పసుపే, నుస్రత్ బురఖా తన ఓణీ ఒకే రంగు, ఇద్దరమ్మల చేతా ఒకే తిట్లు. లింబాద్రి మోర్తాడ్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు, అప్పుడు చెంచా కాడలా ఉండేవాడు, మాట్లాడితే గొంతు పిల్లిపిల్లలా ఉండేది, నలుగురిలో నోరెత్తడానికి సిగ్గు. ఆ సిగ్గంతా చేతుల్లోకి దిగింది కాబోలు. ఒకరోజు డ్రమ్ము తిరుగుతుంటే పసుపు కలబెట్టే కట్టెలు రెండు తీసుకుని ఖాళీ కిరసనాయిలు పీపా మీద దానికి జోడీగా కొట్టడం మొదలుపెట్టాడు. గడ, గడ, గ్‌డ్‌గడ. తను ఆ లయ మీద ఊరికే, నోటికొచ్చినట్టు, క్లాసులో హన్మండ్లు సారు హాజరు పిలిచే తీరులో పేర్లు పిలిచింది. నుస్రత్ పిడి వదిలేసి గిటారందుకుంది. పాట అట్లా పుట్టింది. కవులు వెన్నెల్లో రాస్తారంటారు, వీళ్ళది పసుపు దుమ్ములో తుమ్ముల మధ్య పుట్టింది.

హాజరంటే ఆ కాలేజీలో మామూలు విషయం కాదు. శుక్రవారం మధ్యాహ్నం షార్జాలో సెలవు, నుస్రత్ వాళ్ళ అబ్బా ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసేవాడు, ఆమె బూతు ముందు బల్ల మీద కూర్చోవాలి. క్లాసులో ఆమె పేరు రాగానే వెనక బెంచీలోంచి లింబాద్రి ఆ పిల్లి గొంతుతో "ఎస్ సార్" అనేవాడు. ఆడపిల్లకు మగపిల్లవాడు ప్రాక్సీ చెప్పడం బహుశా జిల్లాలో అదొక్కటే. సారు తలెత్తకుండానే కనిపెట్టేవారు. ఆయన శిక్ష వేరే రకం, తిట్టరు, జరిమానా లేదు. "తరఫున పలికినోడే పోయి తోలుకరావాలె. ఇద్దరొచ్చి నిలవడేదాక క్లాసు లేదు." క్లాసంతా పుస్తకాలు మూసి కూర్చునేది, లింబాద్రి సైకిలెక్కేవాడు. పెర్కిట్ దాకా, ఒకసారి వేల్పూర్ దాకా పోయాడు ఎవరికోసమో. అందరూ ఆ శిక్షను నవ్వులాటనుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే అంత పెద్ద పాఠం ఎకనామిక్సులో ఇంకోటి లేదు, లేని మనిషి తరఫున నోరు విప్పితే ఆ మనిషి గడపదాకా నడవాలి.

ఆ ఎండాకాలం సరిహద్దు కొండల మీద యుద్ధం వచ్చింది. సాయిప్రసాద్ అక్కడెక్కడో మంచులో ఉన్నాడు, ఉత్తరం లేదు. టీ కొట్టు దగ్గర ప్రతివాడూ సేనాధిపతే. వానలు పడ్డాక కాలేజీలో ఫ్రెషర్స్ డే, టెంటు కింద ఈ ముగ్గురు. నుస్రత్ గిటారుతో రాగానే వెనక నుంచి ఎవడో "గా పక్క దేశపోళ్ళ పాట పాడు, నీకొస్తది" అన్నాడు, నవ్వులు. నుస్రత్ చెయ్యి తంతి మీద ఆగిపోయింది. వనమాలకు వాడితో పోట్లాడాలనిపించింది, ఏం మాట్లాడాలో కూడా నాలిక మీదే ఉంది, కానీ లింబాద్రి నోరెత్తలేడు కనుక కట్టెలెత్తాడు, తను పేర్లందుకుంది. గడ, గడ, గ్‌డ్‌గడ. మోర్తాడు గంగారాం? ఎవరు చెప్పారో ఏమో, ముందు వరుసలో గంగారామే "ఉన్న!" అన్నాడు. వేల్పూరు యూసుఫ్? "ఉన్న!" ధర్పల్లి నర్సయ్య? "ఉన్న!" మూడు పేర్లకు టెంటంతా గొంతు కలిపింది, పేరు ఎవరిదైనా జవాబు అందరిదీ. ఇందాక అరిచినవాడూ అరుస్తున్నాడు, బెంచీ ఎక్కి. మంచు మీద సాయిప్రసాద్? "ఉన్న!" రోకలితో దంచినట్టు వచ్చింది ఆ మాట. లయ ఆగలేదు, గొంతు ఆగలేదు, తను పిలుస్తూనే ఉంది. కొండకు అవతల జుబేరు? "ఉన్న!" జుబేరు జోడీ ఇంతియాజు? "ఉన్న!" అన్నాక తెలిసింది వాళ్ళకు ఎవరి తరఫున పలికారో. ఒక్క క్షణం ఆ ముఖాలు చూడాలి. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు, గొంతులు తమవే. ఉపన్యాసాన్ని మనిషి చేతులు కట్టుకుని వింటాడు, ఆ చేతుల మీద నుంచి ఏదీ లోపలికి పోదు. పాట కాలి దగ్గర మొదలవుతుంది. కాలు ఒప్పుకున్న సంగతి తలకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అప్పుడు లింబాద్రి ఠక్కున కట్టెలు ఆపేశాడు. అనుకున్నదే, ఆఖరి నంబరు అని పిలిచి పేరు చెప్పకుండా ఆగాలి, అది తిరిగి రానివాళ్ళది, ఎవరూ పలకరు, ఆ పలకకపోవడమే పాట ముగింపు. ఆఖరి నంబరు? టెంటు మీద వానచుక్కలు తప్ప ఏమీ లేవు. ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ళ వైపు నుంచి సత్తవ్వ లేచింది, సాయిప్రసాద్ వాళ్ళమ్మ, బీడీలు చుట్టే మనిషి, పాటలో కొడుకు పేరుందని ఎవరో చెబితే వచ్చింది. ఒళ్ళో తునికాకు ముక్కలు దులుపుకోవడం కూడా మరిచిపోయి, "ఉన్నడు బిడ్డా" అంది. "నావోడున్నడు. గా అవతలి తల్లి కొడుకు గూడ ఉన్నడు. ఇద్దరున్నరు, రాసుకో." ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బెంచీ ఎక్కినవాడు దిగి, కాసేపాగి నుస్రత్ దగ్గరికొచ్చి, "జర గిటార్ పట్టుకోని సూస్తనే" అని అడిగాడు. నుస్రత్ ఇచ్చింది. ఇంతకన్నా గొప్ప సంధి ఏ దేశాల మధ్య జరిగిందో వనమాలకు తెలియదు.

చప్పట్లు. లింబాద్రి దిగాడు, ఇంకొకాయన ఎక్కాడు, కాలేజీ రోజులు తిరిగి రావంటున్నాడు. నిజమే, రాకపోవడమే మంచిది, ఆ పరీక్షలు మళ్ళీ ఎవరు రాస్తారు. వనమాల సంచి సర్దింది. లోపల ఫోను వెచ్చగా తగిలింది. పోయిన మే నెలలో మళ్ళీ యుద్ధం వాసన వచ్చిన రోజుల్లో ఈ ఫోనులోనే వచ్చింది లింబాద్రి పంపిన వీడియో, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. "మన ఆర్మూర్లనే శత్రువు గెలవాలని పటాకులు కాలుస్తున్నరు, చూడండి, అందరికి పంపండి." ఆయన ఏదీ చూసి పంపడు, వచ్చింది వచ్చినట్టు పంపుతాడు, అది ఆయనకు ఎరువులు అమ్మినంత అలవాటు. గ్రూపులో బొటనవేళ్ళు మొలిచాయి, నారుమడిలా. నుస్రత్ చూసింది. అది నుస్రత్ అక్క కొడుకు బరాత్. పటాకులు పెళ్ళికొడుకు గుర్రమెక్కినందుకు కాల్చినవి. ఆ రాత్రి దావత్‌కు తనూ వెళ్ళింది, లింబాద్రీ వచ్చాడు, డబల్ కా మీఠా రెండుసార్లు పెట్టించుకున్నాడు. వీడియోలో ఎడమ పక్కన, పటాకుల వెలుగులో, ప్లేటు పట్టుకుని నోరు తుడుచుకుంటున్న ఆ బట్టతల ఎవరిదో వనమాల తెల్లారి పెద్దది చేసి చూసేసరికి, గ్రూపులో బూడిదరంగు అక్షరాలు వచ్చేశాయి, నుస్రత్ గ్రూపు నుంచి వెళ్ళిపోయారని. ఫోన్ చేసి, ఆ బట్టతల నీదేనని తను చెబితే లింబాద్రి ముందు దుకాణంలో ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. తర్వాత, "నేను తీసిన్నా ఏంది, పంపిన గంతే" అన్నాడు. గంతే. ఒక మనిషి పాతికేళ్ళ స్నేహాన్ని గంతే అనే మాటలో పెట్టి మూట కట్టొచ్చని తెలిసింది. ఆయన చెడ్డవాడు కాడు, అదే చిక్కు. చెడ్డవాడైతే మరిచిపోయి ఊరుకోవచ్చు. నుస్రత్ ఇవాళ ఈ హాల్లోకి రాకపోతే, తర్వాత ఏ పెళ్ళికీ రాదు, ఏ చావుకూ రాదు, మెల్లగా వాళ్ళూ వీళ్ళూ అయిపోతారు అందరూ, పచ్చిపులుసు ఒక్కటి మిగులుతుంది మధ్యలో. ఆ ఎర్ర గిటారు ఏమైందని మొన్న అడిగితే బీరువా మీదే ఉంది అంది, అల్లికగుడ్డ మాత్రం చిరిగిందట.

తన పేరు పిలిచారు. ఫోను చేతిలోకి తీసుకుని, సంచిని కుర్చీలోనే వదిలి లేచింది. మెట్లెక్కుతుంటే లింబాద్రి మైకు అందిస్తూ "దేశభక్తి" అని గుర్తు చేశాడు, తను బుద్ధిమంతురాలిలా తలూపింది. పాతికేళ్ళుగా ఇంట్లో తలూపి తనకు తోచింది చేస్తూనే ఉంది, స్టేజీ మీద కొత్తేముంది.

"పాటకు ముందు హాజరు. సారు ఉన్నరు గదా, అలవాటు తప్పొద్దు."

హాలు నవ్వింది. హన్మండ్లు సారు కళ్ళు తెరిచారు. వనమాల చెప్పుకాలితో స్టేజీ చెక్కను తట్టింది. గడ, గడ, గ్‌డ్‌గడ. మోర్తాడు గంగారాం? "ఉన్న!" గంగారాం బొజ్జ కూడా లేచింది. వేల్పూరు యూసుఫ్? "ఉన్న, భోజనం ఎప్పుడు?" నవ్వులు. మంచు మీద సాయిప్రసాద్? సుబేదారు సోఫాలోంచి లేచి సెల్యూట్ చేసి, "ఉన్న" అన్నాడు, చూపు ఆడవాళ్ళ వైపు పోయింది, సత్తవ్వ పోయి ఏడాది కాలేదు. హాలంతా కాళ్ళు ఆడుతున్నాయి. లింబాద్రి చేతులు, ఆయనకు తెలియకుండా, ప్లాస్టిక్ కుర్చీ వీపు మీద వాయిస్తున్నాయి. వనమాల లయ తప్పకుండా పిలిచింది.

నుస్రత్?

"ఎస్ సార్."

పిల్లి గొంతు. పాతికేళ్ళ తెల్లచొక్కా కింద నుంచి ఎట్లా బయటికొచ్చిందో మరి. లింబాద్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హాలు పగిలిపోయినట్టు నవ్వింది. తర్వాత ఒక్కో గొంతే ఆగింది, సంచి పెట్టిన కుర్చీ వైపు చూపులు తిరిగాయి. హన్మండ్లు సారు కర్ర ఊతంతో లేచారు.

"లింబాద్రీ. తరఫున పలికినోడే పోయి తోలుకరావాలె. గప్పటిదాక క్లాసు లేదు."

"సార్, గిప్పుడు..."

"భోజనాలు గూడ లేవు."

ఈ రెండో మాటే పనిచేసింది, హాలంతా "పో, పో" అంది. లింబాద్రి పోయాడు. నుస్రత్ ఇల్లు మార్కెట్ యార్డు వెనక గల్లీలోనే. వనమాల స్టేజీ మీదే నిలబడి కాలితో లయ తడుతూనే ఉంది, కుర్చీల మీద వేళ్ళు అందుకున్నాయి, బగారా వాసన ఓపిగ్గా నిలబడింది. ఫోను మోగింది. లింబాద్రి. వనమాల దాన్ని స్పీకర్లో పెట్టి మైకుకు ఆనించింది, ఆ సంగతి ఆయనకు చెప్పాలని తోచలేదు.

"వనమాలా, ఈమె గడప దాటుతలేదు. గా వీడియో ముందు తీసెయ్ అంటుంది. పాతదాయె, డిలీట్ అయితలేదు. ఏం జేయాలె?"

వెనక నుంచి నుస్రత్ గొంతు, తలుపు దగ్గర నిలబడిన గొంతు. "గట్లయితే నేను గూడ హాజరు పిలుస్త. పలుకుమను. పటాకుల వీడియోల, ఎడమ పక్కకు, మా పెండ్లిల ప్లేటు వట్టుకోని నిలవడ్డ లింబాద్రి?"

హాల్లో వేళ్ళు ఆగిపోయాయి. ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. ఫోన్లో ఏమీ లేదు, ఒక ఆటో పోయిన చప్పుడు, ఎవరో పిల్లను పిలిచిన చప్పుడు. ఆఖరి నంబరులా ఉంది ఆ నిశ్శబ్దం, ఇక ఎవరూ పలకరనే అనుకుంది వనమాల.

"ఉన్న." పిల్లి గొంతు కాదు, అసలు గొంతు, పొడిగా, చిన్నగా. "నేనే. పెండ్లికొచ్చిన, తిన్న, సూడకుంట పంపిన."

ఫోన్లో తలుపు బార్లా తీసిన చప్పుడు.

"వనమాలా, ఇనవడుతుందా?" నుస్రత్. "నన్ను మళ్ళ పిలువు. గాయన గొంతు మంచిగలేదు, నా పేరుకు నేనే పలుకుత."

వనమాల మైకు దగ్గరికి వంగింది. నుస్రత్?

"ఉన్న. జర ఆగుండ్రి, బీరువ మీదికెల్లి దింపుతున్న."

ముందు వరుసలోంచి సుబేదారు లేచి వెళ్ళి, కుర్చీలోని సంచిని తీసి, పక్కన కూర్చుని, తన ఒళ్ళో పెట్టుకున్నాడు.